పొద్దుగూకే లోపు ఇల్లు చేరాలి: ఒక హెచ్చరిక చరిత్ర

2024 ఆగస్టు 9న కోల్‌కతాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, సుదీర్ఘమైన డ్యూటీ మధ్య కాసేపు విశ్రాంతి తీసుకోవడానికి సెమినార్ గదిలోకి వెళ్లిన యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురయ్యారు. ఆగస్టు 14 అర్ధరాత్రి, స్వాతంత్ర్య దినోత్సవం ప్రవేశిస్తున్న వేళ, బెంగాల్ నగరాల్లోనూ పట్టణాల్లోనూ వేలాది మహిళలు వీధుల్లోకి వచ్చారు. రాత్రిని స్వాధీనం చేసుకుందాం అన్నదే వారి పిలుపు. మూడు రోజులు తిరగకముందే రాష్ట్ర ప్రభుత్వం భద్రతా మార్గదర్శకాలను ప్రకటించింది. వాటిలో ఒక అంశం ఇది: సాధ్యమైనంత వరకు మహిళలకు రాత్రి డ్యూటీలు వేయకుండా చూడాలి.

రాత్రి మాది అన్నవారికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు రాత్రి నుంచి తప్పుకోమన్నది. సెప్టెంబరు 17న సుప్రీంకోర్టు ఈ అంశాన్ని తప్పుపట్టింది. మహిళలు కోరుతున్నది రాయితీ కాదని, సమాన అవకాశమని, భద్రత కల్పించడం ప్రభుత్వ బాధ్యతని ధర్మాసనం గుర్తు చేసింది. ఉత్తర్వును సవరిస్తామని రాష్ట్రం ఒప్పుకుంది. వివాదం అక్కడితో ముగిసింది గాని, దాని వెనక ఉన్న ఆలోచన ఆనాడు పుట్టినదీ కాదు, ఒక్క బెంగాల్‌కు చెందినదీ కాదు. స్త్రీకి ప్రమాదం ఎదురైన ప్రతిసారీ ఆమె తిరిగే వేళలను కుదించడం ఈ దేశ పాలనలో పాత అలవాటు. పొద్దుగూకే లోపు ఇల్లు చేరమనే అమ్మ మాట ఏ విధంగా శాసనమైందో, ఎవరు దానిని ప్రశ్నించారో, ఆ మాట నిజంగా ఎవరినైనా కాపాడిందో లేదో పరిశీలించడానికి గత శతాబ్దపు చరిత్రలో తగినంత ఆధారం ఉంది.

పంజాబు విద్యార్థిని లేఖ

1938 చివరలో పంజాబుకు చెందిన ఒక కళాశాల విద్యార్థిని గాంధీజీకి లేఖ రాసింది. దారిలో యువకులు వెంటపడి వేధిస్తున్నారనీ, అహింసను నమ్మిన ఆడపిల్ల అలాంటప్పుడు ఏం చేయాలనీ ఆమె ప్రశ్న. ఆ ఏడాది డిసెంబరు 31 నాటి 'హరిజన్' సంచికలో గాంధీజీ జవాబిచ్చారు. వేధించేవారి పేర్లు బయటపెట్టాలని, మౌనంగా భరించరాదని, ఆడపిల్లలు తమను తాము కాపాడుకునే విద్య నేర్చుకోవాలని ఆయన సూచించారు. అంతవరకు అది కాలానికి ముందున్న సలహాయే. అయితే అదే వ్యాసంలో, ఆధునిక యువతి పలువురు రోమియోలకు జూలియట్ కావాలని కోరుకుంటోందనీ, ఎండావానల నుంచి రక్షణ కోసం గాక అందరి దృష్టినీ ఆకర్షించడానికి దుస్తులు ధరిస్తోందనీ కూడా వ్యాఖ్యానించారు.

దీనిపై కలకత్తా నుంచి పదకొండు మంది యువతులు ఆయనకు నిరసన లేఖ రాశారు. తప్పు చేసినవాడిని వదిలి, బాధపడిన వారి వేషభాషలను విమర్శించడం న్యాయమా అన్నది దాని సారాంశం. గాంధీజీ ఆ లేఖను పత్రికలో ప్రస్తావించి సమాధానం చెప్పుకున్నారు. జాతీయోద్యమంలోకి స్త్రీలను పెద్ద సంఖ్యలో తీసుకువచ్చిన నాయకుడు, ఉప్పు సత్యాగ్రహంలో వారిని వీధి పోరాటానికి అనుమతించిన నాయకుడు, కళాశాలకు సైకిలు మీద వెళ్లే అమ్మాయి విషయానికి వచ్చేసరికి ఆమె చీరకట్టును ప్రస్తావించారు. ఉద్యమం కోసం వీధిలోకి వచ్చిన స్త్రీకి గౌరవం, తన పని మీద తాను వచ్చిన స్త్రీకి అనుమానం అనే ఈ తేడా ఆ తరువాతి రాజకీయాల్లోనూ కొనసాగింది.

చట్టం ఎవరి కోసం ఆలోచించింది

వలస పాలకుల శాసనాల్లో స్త్రీ భద్రతకు రెండు రూపాలుండేవి. ఒకటి వేరుచేయడం: 1890 నాటి రైల్వే చట్టం ప్రతి ప్రయాణికుల రైలులో స్త్రీలకు ప్రత్యేక కంపార్ట్‌మెంట్ ఉండాలని నిర్దేశించింది. రెండవది శీలరక్షణ: 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 354, 509 సెక్షన్లు స్త్రీ శరీరానికి, మనసుకు కలిగిన హాని గురించి గాక ఆమె లజ్జకు కలిగిన భంగం గురించి మాట్లాడాయి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని ఆ పదం మారలేదు. దాడి జరిగిందా అనే ప్రశ్నకు ముందు, ఆమె లజ్జ గలదేనా అని అడిగే అవకాశం ఆ పదంలోనే ఉంది.

స్వతంత్ర భారతం దీనికి మూడవ రూపాన్ని జోడించింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు తప్ప ఇతర వేళల్లో కర్మాగారంలో స్త్రీలను పనిలో పెట్టకూడదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడిక నాటి ఆలోచనే ఇది. ఉద్దేశం కార్మిక స్త్రీని కాపాడడమే కావచ్చు. కాని రాత్రి షిఫ్టుకు వచ్చే అదనపు వేతనం, పదోన్నతి, చివరకు ఉద్యోగం కూడా ఆ కాపుదలతో పాటే పోయాయి. అదే సమయంలో ఆసుపత్రి నర్సులు, టెలిఫోన్ ఆపరేటర్లు, పొలాల్లో తెల్లవారకముందే నాట్లకు వెళ్లే కూలీలు రాత్రివేళ పని చేస్తూనే ఉన్నారు. వారి భద్రత ఎవరికీ సమస్యగా తోచలేదు. నిషేధం కర్మాగారం గేటు దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది.

రెండు పోలీస్ స్టేషన్లు

ఇంటికి పెందలాడే చేరమనే హెచ్చరికలో రెండు నమ్మకాలున్నాయి. ఒంటరిగా లేకపోతే ప్రమాదం లేదన్నది మొదటిది. ప్రమాదం వస్తే పోలీసులున్నారన్నది రెండవది. 1970లలో రెండు ఘటనలు ఈ రెండు నమ్మకాలనూ ఒకేసారి కూల్చాయి.

1972 మార్చి 26 రాత్రి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌కు ఒక ఆదివాసీ బాలికను ఆమె అన్న ఫిర్యాదు మీద పిలిపించారు. బంధువులు వెంట ఉన్నారు. అందరినీ బయటకు పంపి ఆమెను మాత్రం ఉండమన్నారు. స్టేషన్ ఆవరణలోనే అత్యాచారం జరిగింది. సెషన్స్ కోర్టు నిందితులను విడిచిపెట్టగా, హైకోర్టు శిక్షించింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తుకారాం వర్సెస్ మహారాష్ట్ర ప్రభుత్వం కేసులో, ఆమె శరీరంపై గాయాలు లేవనీ, ప్రతిఘటించిన ఆనవాళ్లు లేవనీ చెప్పి వారిని నిర్దోషులుగా ప్రకటించింది. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవర్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడానికీ సమ్మతించడానికీ మధ్య తేడా ఉందని వారు వాదించారు. దేశంలో స్వతంత్ర మహిళా ఉద్యమం ఒక జాతీయ స్వరంగా వినిపించడానికి ఆ లేఖ కారణమైంది.

తుది తీర్పు వెలువడడానికి కొన్ని నెలల ముందే హైదరాబాద్‌లో రెండవ ఘటన జరిగింది. 1978 మార్చి చివరలో ఒక యువతి భర్తతో కలిసి సెకండ్ షో సినిమా చూసి తిరిగి వస్తోంది. నల్లకుంట పోలీసులు వారిని ఆపారు. స్టేషన్‌లో ఆమెపై అత్యాచారం జరిగింది. అడ్డుపడిన భర్త దెబ్బలకు చనిపోయాడు. జనం శవాన్ని ఊరేగింపుగా తీసుకెళ్లి స్టేషన్ ముందు నిరసన తెలిపారు. నగరంలో అల్లర్లు చెలరేగాయి, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ విధించారు. అప్పుడే అధికారంలోకి వచ్చిన చెన్నారెడ్డి ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ను నియమించింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన మొత్తం ఒకే దిశలో సాగింది: ఆమె నడవడిక మంచిది కాదు, వారి పెళ్లి చెల్లదు, ఆ వేళలో బయట తిరిగే స్త్రీ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. కమిషన్ ఆ వాదనను తోసిపుచ్చి పోలీసులదే నేరమని తేల్చింది. కాని కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ యువతి పేరు నాటి పత్రికలన్నింటిలోనూ అచ్చయింది. ఇప్పుడు అలా అచ్చు వేయడం నేరం. 1983 క్రిమినల్ చట్ట సవరణ తెచ్చిన మార్పుల్లో అదొకటి. అదే సవరణ కస్టడీ అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించింది. అధికారంలో ఉన్నవాడు చేసిన అత్యాచార ఆరోపణలో, సమ్మతి లేదని బాధితురాలు చెబితే న్యాయస్థానం దానినే నమ్మి ముందుకు సాగాలని సాక్ష్య చట్టంలో చేర్చింది. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని సాధారణంగా అరెస్టు చేయరాదన్న నిబంధన 2005 సవరణతో వచ్చింది. రాత్రివేళ స్త్రీని పోలీసుల నుంచే కాపాడవలసి ఉందని రాజ్యం స్వయంగా ఒప్పుకున్న నిబంధన అది. భద్రతను స్త్రీల జాగ్రత్తకు కాక అధికారుల జవాబుదారీకి ముడిపెట్టిన మొదటి శాసనాలు ఇవే. అవి ఊరికే రాలేదు. దేశాయిగంజ్, నల్లకుంటల తరువాత వీధుల్లో జరిగిన పోరాటం వాటిని తెచ్చింది.

రాత్రి షిఫ్టు

ఫ్యాక్టరీల చట్టంలోని నిషేధాన్ని మొదట ఎదిరించినవారు కూడా పని చేసుకునే స్త్రీలే. మద్రాసు హైకోర్టు 2000 డిసెంబరులో వసంత కేసులో తీర్పు చెబుతూ, రాత్రి పనిపై నిషేధం రాజ్యాంగంలోని 14, 15, 16 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. అదే తీర్పులో రవాణా, విశ్రాంతి గది, కాపలా, బృందంగా పని వంటి షరతులను యజమానిపై పెట్టింది. నిషేధం స్త్రీ మీద కాక బాధ్యత యాజమాన్యం మీద ఉండాలన్న సూత్రం ఇక్కడ స్పష్టమైంది.

సూత్రానికి పరీక్ష త్వరలోనే ఎదురైంది. అమెరికా పగటివేళకు అనుగుణంగా పనిచేసే కాల్ సెంటర్లు బెంగళూరు, హైదరాబాద్, గుర్గావ్‌లలో వెలిశాయి. 2005 డిసెంబరులో బెంగళూరులో రాత్రి డ్యూటీకి బయలుదేరిన ఒక ఉద్యోగిని, క్యాబ్ డ్రైవర్‌గా వచ్చిన వ్యక్తి చేతిలో అత్యాచారానికి, హత్యకు గురైంది. ఆ తరువాతే క్యాబ్‌లో కాపలాదారు ఉండాలని, మహిళను అందరికంటే చివర దించకూడదని నియమాలు వచ్చాయి. 2013 అక్టోబరులో హైదరాబాద్ ఐటీ ప్రాంతంలో క్యాబ్ ఎక్కిన ఉద్యోగినిపై జరిగిన అఘాయిత్యం తరువాత, కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక పూనం మాలకొండయ్య కమిటీ, 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ వచ్చాయి. మఫ్టీలో బస్టాపుల వద్ద నిలబడి వేధించేవాడిని పట్టుకోవడం ఈ బృందాల పని. హెచ్చరిక వినవలసింది ఆడపిల్ల కాదు, ఆమెను వేధించేవాడన్న ఆలోచన అందులో ఉంది గనుకనే అది జనాదరణ పొందింది.

పదహారు రోజుల తేడా

2012 నవంబరు 30న సుప్రీంకోర్టు వీధి వేధింపులపై కొన్ని ఆదేశాలిచ్చింది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్లు, పార్కుల వద్ద మఫ్టీలో మహిళా పోలీసులను నియమించాలన్నది ఒకటి. బస్సులో వేధింపు జరిగిందని ఫిర్యాదు వస్తే, డ్రైవర్, కండక్టర్ ఆ బస్సును నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు తీసుకువెళ్లాలన్నది మరొకటి. సరిగ్గా పదహారు రోజుల తరువాత, డిసెంబరు 16 రాత్రి, ఢిల్లీలో ఒక బస్సు నేరం జరుగుతుండగానే నగరంలో తిరిగింది. దానికి ఆ మార్గంలో ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతే లేదు. అద్దాలకు నల్లరంగు, తెరలు. ఆపినవారు లేరు.

ఆ యువతి ఒంటరిగా లేదు, స్నేహితుడు వెంట ఉన్నాడు. సమయం రాత్రి తొమ్మిదిన్నర దాటలేదు. ఇంటివరకు రావడానికి ఆటోలు ఒప్పుకోకపోవడంతో మునిర్కాలో బస్సెక్కారు. ఆమె చేయగలిగిన జాగ్రత్త ఏదీ మిగలలేదు, నగరం చేయవలసినది మాత్రం చాలా మిగిలింది. జస్టిస్ జె.ఎస్. వర్మ, లీలా సేథ్, గోపాల్ సుబ్రమణియం కమిటీ ఈ విషయాన్ని గుర్తించింది. దాదాపు 80 వేల సూచనలను పరిశీలించి 29 రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక సమర్పించింది. శిక్షల గురించే కాక వీధి దీపాలు, ప్రజా రవాణా, పోలీసు సంస్కరణలు, ఎఫ్‌ఐఆర్ నమోదు చేయని అధికారి బాధ్యత గురించి అది మాట్లాడింది. 2013 సవరణ చట్టంలో వెంటాడడం, చాటుగా చూడడం నేరాలయ్యాయి. ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి జైలుశిక్ష వచ్చింది. బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి ప్రకటించారు. తొలి సంవత్సరాల్లో అందులో ఖర్చయినది చాలా స్వల్పం.

చెల్లెలికి చేసిన ఫోన్

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌ప్లాజా వద్ద స్కూటర్ టైరుకు గాలి పోయిన యువ పశువైద్యురాలు తన చెల్లెలికి ఫోన్ చేసింది. ఎక్కడున్నదీ చెప్పింది. చుట్టూ ఉన్నవారిని చూస్తే భయంగా ఉందని కూడా చెప్పింది. పరిసరాలను గమనించడం, ప్రమాదాన్ని పసిగట్టడం, అయినవారికి తెలియజేయడం అనే మూడు సూత్రాలనూ ఆమె పాటించింది. ఫోన్ ఆగిపోయాక కుటుంబం పోలీసుల దగ్గరకు పరుగెత్తింది. ఇది మా పరిధి కాదంటూ ఒక స్టేషన్ నుంచి మరొక స్టేషన్‌కు పంపారు. ముగ్గురు పోలీసులను ఆ తరువాత సస్పెండ్ చేశారు. పరిధి చూడకుండా ఎక్కడైనా ఫిర్యాదు తీసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ పద్ధతి అప్పటికే ఉంది. అది కాగితం మీదే ఉంది.

ప్రభుత్వ స్పందన మూడు విధాలుగా వచ్చింది. ఆమె చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని రాష్ట్ర హోంమంత్రి అన్నారు. పోలీసులు మహిళలు పాటించవలసిన సూచనల జాబితా విడుదల చేశారు. మహిళా ఆర్టీసీ ఉద్యోగులకు రాత్రి 8 తరువాత డ్యూటీలు వేయవద్దని ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఆదేశించారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తన నివేదికలో పోలీసుల కథనాన్ని నమ్మలేమని, సంబంధిత సిబ్బందిపై హత్యానేరం కింద విచారణ జరగాలని పేర్కొంది. పక్క రాష్ట్రంలో డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో దర్యాప్తు, విచారణ పూర్తి చేయాలనే దిశ బిల్లును ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం లభించలేదు.

ఈ స్పందనలన్నింటిలో ఆ రాత్రి స్టేషన్‌లో ఎవరు ఎందుకు కదలలేదన్న ప్రశ్న వెనక్కి పోయింది. బాధితురాలు ఏం చేసి ఉండవలసిందన్నది ఒక చివర, నిందితులను ఏం చేశామన్నది మరొక చివర. మధ్యలో ఉన్న వ్యవస్థ ఎవరి కంటా పడలేదు.

జాగ్రత్త, హక్కు

ఐదు రాత్రులను పక్కపక్కన పెడితే ఒక విషయం తేటపడుతుంది. 1972లో బాలిక అన్నతో, బంధువులతో ఉంది. 1978లో భార్య భర్తతో ఉంది. 2012లో యువతి స్నేహితుడితో ఉంది. 2019లో ఫోన్‌లో చెల్లెలుంది. 2024లో వైద్యురాలు తన ఆసుపత్రిలోనే ఉంది. హెచ్చరిక కోరిన జాగ్రత్తను ఎవరికి వీలైనంత వారు పాటించారు. విఫలమైనవి స్టేషన్, రవాణా శాఖ, పెట్రోలింగ్, యాజమాన్యం. పైగా జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా చూపుతున్నట్లు, అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. వీధి భయం నుంచి పారిపోయి చేరమనే ఇల్లు కూడా అందరికీ సురక్షితం కాదు.

అయితే జాగ్రత్త వ్యర్థమని దీని అర్థం కాదు. కూతురు బస్సెక్కగానే ఫోన్ చేయమనే తల్లి మాటలో తప్పు లేదు. వెలుతురున్న చోట నిలబడడం, బండి నంబరు ఇంట్లోవారికి పంపడం, అనుమానం కలిగితే మొహమాటపడకుండా అక్కడి నుంచి తప్పుకోవడం, 112 నంబరు గుర్తుంచుకోవడం పనికివచ్చే అలవాట్లే. కాని తల్లి చెబితే అది ప్రేమ. అదే మాట ప్రభుత్వం చెబితే తన పనిని పౌరురాలి మీదకు నెట్టడం అవుతుంది. ఆమె ఫోన్ చేస్తే అటువైపు ఎత్తేవారుండాలి. ఆమె నిలబడాలంటే వెలుగుతున్న దీపముండాలి. రాత్రి పదికి ఎక్కడానికి బస్సుండాలి.

బస్సు విషయంలో ఇటీవలి రాజకీయాలు కొంత మారాయి. 2019 అక్టోబరులో ఢిల్లీ, 2021లో తమిళనాడు, 2023 జూన్‌లో కర్ణాటక, ఆ ఏడాది డిసెంబరు 9న మహాలక్ష్మి పేరుతో తెలంగాణ, 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో ఆంధ్రప్రదేశ్ మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించాయి. దీనిని ఉచితాల ఖాతాలో వేసి తూలనాడేవారున్నారు. ఖజానా మీద భారం, కిక్కిరిసిన బస్సులు, ఆటోడ్రైవర్ల ఆదాయం తగ్గడం నిజమైన సమస్యలు, వాటికి జవాబు కావాలి. కాని వీధిలో స్త్రీల సంఖ్య పెరగడమే వీధికి రక్షణ అన్న సత్యాన్ని ఈ పథకాలు తెలిసో తెలియకో అమలు చేశాయి. పదిమంది మహిళలున్న బస్టాపు, ఒక్కరు నిలబడిన బస్టాపు కంటే భద్రమైనది. రాత్రి డ్యూటీ నుంచి స్త్రీలను తప్పించే ప్రతి ఉత్తర్వు మిగిలినవారిని మరింత ఒంటరి చేస్తుంది.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతి, సమ్మతితోనూ భద్రతా షరతులతోనూ మహిళలు రాత్రివేళ అన్ని సంస్థల్లో పనిచేయవచ్చని చెబుతోంది. 1948 నాటి నిషేధం అలా కాగితంపై ముగిసింది. ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టే సంతకం సమ్మతి అవుతుందా అన్నది 1979 నాటి బహిరంగ లేఖ లేవనెత్తిన ప్రశ్నే, వేరే చోట. షరతులు పాటించని యజమానిని ఎవరు తనిఖీ చేస్తారు, ఫిర్యాదు తీసుకోని అధికారికి 2013 చట్టం చెప్పిన శిక్ష ఎప్పుడు పడుతుంది, రాత్రి చివరి బస్సు ఏ వేళకు ఆగుతుంది అన్నవి శాసనసభల్లో అడగవలసిన ప్రశ్నలు. కలకత్తా యువతులు పదకొండు మంది 1939లో అడిగినది కూడా ఇంతే: తప్పు చేసినవాడిని, చూస్తూ ఊరుకున్నవాడిని ముందు నిలదీయమని.